మూల కోసిన ఉత్తరం

చీరాల స్టేషన్లో రైలు ఆగీ ఆగకముందే బుడాన్ దిగిపోయాడు. ట్రంకుపెట్టె భుజానికెత్తుకుని, పరుపుచుట్ట చంకలో పెట్టుకుని, వెనక్కి చూడకుండా గేటు వైపు నడిచాడు. అదే రైలుపెట్టె రెండో గుమ్మంలోంచి పేరయ్య దిగాడు. రెండు రోజుల ప్రయాణం ఎదురెదురు బల్లల మీద కూర్చునే చేశారు. నాగపూర్లో పేరయ్య బత్తాయిలు కొని, రెండు కాయలు తీసి బుడాన్ మోకాలి పక్కన పెట్టాడు. అవి బెజవాడ దాకా బల్ల మీద అటూ ఇటూ దొర్లుతూనే వచ్చాయి. బెజవాడలో ఎక్కిన ఒకావిడ "ఇవి ఎవరివండీ?" అని అడిగితే, "ఎవరివీ కావు, పిల్లలకి పెట్టండి" అన్నాడు బుడాన్. రెండు రోజుల్లో పేరయ్య చెవిన పడ్డ బుడాన్ మాట అదొక్కటే.

అయిదు నెలలుగా ఇదే వరస. పేరయ్యది గరువుపాలెం, బుడాన్‌ది డొంక దాటితే వచ్చే ఉప్పలదిన్నె. ఏడేళ్ళ కిందట ఒకే రోజున గుంటూరులో ఛాతీ కొలిపించుకుని సైన్యంలో చేరారు. వంతెనలు కట్టే కంపెనీలో ఒకే గుడారంలో పడుకున్నారు, ఒకే పళ్ళెంలో తిన్న రోజులూ ఉన్నాయి. ఇప్పుడు కూడా గుడారం అదే. సెలవు కాగితాలు కూడా ఒకే రోజు వచ్చాయి. ఒక జిల్లా వాళ్ళని ఒకేసారి పంపితే కంపెనీ గుమస్తాకి రాత తక్కువ.

పర్చూరు బస్సులో బుడాన్ ముందు సీట్లో కూర్చుంటే పేరయ్య వెనక ఎక్కాడు. అడ్డరోడ్డు దగ్గర ఇద్దరే దిగారు. ఇద్దరికీ దారి ఒకటే, డొంక వెంబడి రెండు మైళ్ళు. బుడాన్ ఒక్క క్షణం ఆగి, పెట్టె భుజం మార్చుకుని, డొంక వదిలేసి చేలకడ్డం పడ్డాడు. అటు పోతే ఇంకో మైలు ఎక్కువ. ఎండలో, నల్లరేగడి బెడ్డల మీద, ఆ పెట్టెతో ఎందుకు పోతున్నాడో పేరయ్యకి తెలుసు. తను డొంక వెంబడే నడిచాడు.

మాఘమాసం. పత్తి పగిలి చేలు తెల్లగా ఉన్నాయి. మిరప రెండో కోత కోస్తున్నారు. కనబడ్డ కళ్లమల్లా ఎర్రగా ఉంది. ఆ ఎరుపులోనూ తెలుపులోనూ ఒక్క చెక్క మాత్రం బీడుగా ఉంది. గడ్డి మోకాలెత్తు పెరిగింది. గట్ల మీది జిల్లేళ్ళు చేలోకి దిగాయి. అది బుడాన్ వాళ్ళ దక్షిణపు చేను. పేరయ్య తల వంచుకుని దాన్ని దాటాడు.

ఇంట్లో తల్లి పిచ్చమ్మ ఎదురొచ్చి కాళ్ళకి నీళ్ళిచ్చింది. చిక్కావంది, నల్లబడ్డావంది. అన్నం పెట్టి ఎదురుగా కూర్చుని ఊరి సంగతులన్నీ ఒక్క ఊపులో చెప్పింది.

"రేపు కళ్లంలో తాలు ఏరిస్తన్నాన్రా. ఆరుగురు మనుషులు. జానీబి కూడా వస్తది."

బుడాన్ తల్లి పేరు వినగానే పేరయ్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "జానీబి పిన్నమ్మా? మన కళ్లంలోకి, కూలికా?"

"ఏం జేస్తదిరా మరి? వాళ్ళు ఈ ఏడు మొక్క పెట్టలా గదా. ఆ మాయదారి ఉత్తరం వచ్చింది సరిగ్గా నాటేటప్పుడు. కొడుకు పోయాడని ఏడుస్తా కూర్చున్నారు, ఆనక ముసలాయన హుస్సేన్ సాయిబు నిజంగానే పోయాడు. ఇంకో ఉత్తరం వచ్చి కొడుకు బతికే ఉన్నాడని తెలిసేసరికి నారు ముదిరిపోయింది." పిచ్చమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. "బుడాన్ పంపే డబ్బుల్తో ఎళ్ళదా అంటే ఎళ్తది. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుద్దంట. అన్నం తినరా, చల్లారిపోతంది."

యుద్ధానికి వెళ్ళినవాళ్ళందరికీ తుపాకులిచ్చారు. పేరయ్యకి తుపాకితో పాటు ఒక గడ్డం గీసుకునే బ్లేడు కూడా ఇచ్చారు. కెప్టెన్‌ది పంజాబు, ఆయనకి తెలుగు రాదు. ఇళ్ళకి వెళ్ళే తెలుగు ఉత్తరాలు ముందు ఎవరో ఒకరు చదవాలి. థర్డ్ ఫారం దాకా చదివినవాడు పేరయ్య ఒక్కడే. ఊరి పేరు, ఏటి పేరు, వంతెన మాట, ఎక్కడ కనబడినా కోసెయ్యమని హుకుం. సిరా పులిమితే వెలుతురుకి పట్టినప్పుడు అక్షరం కనబడుతుందట, అందుకని బ్లేడు. మర్నాటి నుంచి అతను గుడారంలోకి వస్తే మాటలు ఆగిపోయేవి. ఎవడి పెళ్ళాం పుట్టింటికి పోయి రానంటోందో, ఎవడి తమ్ముడు గట్టు జరిపాడో అన్నీ అతనికి తెలుసు. తెలుసని వాళ్ళకీ తెలుసు. భోజనాల దగ్గర అతని పక్కన చోటు ఖాళీగా ఉండేది.

బడిలో అయ్యవారు నేర్పినట్టు బుడాన్ ఎప్పుడూ కాగితానికి పైన కుడిచేతి మూల ఊరి పేరూ తేదీ వేసి ఉత్తరం మొదలుపెడతాడు. సెప్టెంబరులో ఒకనాడు పేరయ్య ఆ మూలని బ్లేడుతో అడ్డంగా కోసేశాడు. అది కాగితాన్నే కవరుగా మడిచి అంటించే ఉత్తరం, మడిచాక కూడా మూల లేనట్టు బయటికి కనబడుతూనే ఉంది. మన ప్రాంతంలో చావు కబురు రాసే ఉత్తరానికే మూల చింపుతారు. అందుకున్నవాళ్ళు దాన్ని ఇంట్లోకి కూడా తీసుకుపోరు, గుమ్మంలోనే చదివించుకుని చింపి పారేస్తారు. హిందువులకైనా సాయిబులకైనా ఇక్కడ అదే ఆచారం. ఆ ఉత్తరం ఉప్పలదిన్నెలో జానీబి చేతికొచ్చింది.

మర్నాడు పొద్దు రెండు బారలెక్కేసరికి కళ్లంలో ఆడవాళ్ళు తాటాకు పందిరి కింద వరసగా కూర్చున్నారు. ముక్కులకి కొంగులు అడ్డం కట్టుకున్నారు. ముందు ఒక్కో కుప్ప. ఎర్రకాయ ఒక గంపలోకి, తెల్లబడ్డ తాలుకాయ ఒక గంపలోకి. చేతులు చూడకుండానే కాయని పట్టి ఏ రకమో తేలుస్తాయి. తాలుకాయ తేలిగ్గా, గలగలమంటూ ఉంటుంది. పేరయ్య ఎండలో పరిచిన కాయల్ని కాలితో పాయలు తీస్తూ తిరగేస్తున్నాడు. ఇన్నాళ్ళూ వంతెనల కింద వేసే లోహపు పడవలు మోసిన కాళ్ళకి ఆ పని హాయిగానే ఉండాలి. కాని అతని కళ్ళు పందిరి చివరికే పోతున్నాయి.

"ఏరా పేరయ్యా! పిన్నమ్మ కనబడలా నీకు?"

జానీబి కొంగు కిందకి లాగి నవ్వింది. మనిషి సగమైపోయింది. ముంజేతులు బోసిగా ఉన్నాయి. పేరయ్య దగ్గరకెళ్ళి వంగితే, చేతులు ఘాటని ముంజేత్తో అతని తల నిమిరింది.

"బాగున్నావా నాయనా? నీ చేతుల్లో పెట్టి పంపా నా బిడ్డని. మళ్ళీ తెచ్చి ఇచ్చావు. అంతే చాలు."

పేరయ్య అక్కడే గొంతుక్కూర్చుని, ఆమె కుప్పలోంచి గుప్పెడు కాయలు తీసుకుని ఏరడం మొదలుపెట్టాడు.

"మగోడివి, నీకెందుకురా ఇది?" అందిగాని ఆమె వారించలేదు. కాసేపటికి తనే అందుకుంది. "ఆ మూల కోసినోడెవడో వాడికి మన ఆచారం ఏం తెలుసులే. ఏ దేశపోడో. మన తెలుగోడైతే చేస్తాడా ఆ పని? వాణ్ణి నేను తిట్టుకోను నాయనా. నన్నే తిట్టుకుంటా."

"నిన్నెందుకు పిన్నమ్మా?"

"చింపింది నేనే గదంట్రా. పోస్టుమాను యేసుపాదం ఉత్తరం నా చేతిలో పెట్టి తల దించుకున్నాడు. కోడలు ఇంట్లో లేదుగాని, వాడింకా గుమ్మంలోనే ఉన్నాడు. ఒక్క మాట, చదవరా అనుంటే పోయేది గదా! మూల చూశా, చింపా, అరుగు కింద కాలవలో పారేశా. మీ బాబాయి మంచం మీంచి లేచి వచ్చేసరికి నా చేతుల్లో ముక్కలున్నయ్. ఏందే అన్నాడు. చెప్పలేకపొయ్యా. మళ్ళీ ఆ మంచం మీదే పడుకున్నాడు. నాలుగోనాడు పొయ్యాడు. అందరూ దగ్గంటారు. దగ్గు గాదు. నేనే."

ఆమె ఏడవలేదు. ఏడుపు ఎప్పుడో అయిపోయినట్టుంది. చేతులు మాత్రం తాలుకాయని ఎర్రగంపలో వేశాయి. చూసుకుని, తీసి, మళ్ళీ సరైన గంపలో వేసింది.

"అందులో ఏం రాశాడో వాడు నీకేమన్నా చెప్పాడా? నేనడిగితే మామూలే అమ్మా అంటాడు. ఎన్నిసార్లు అడిగినా అంతే. మామూలే అయితే ఏందో, ఆ మామూలే చెప్పచ్చు గదా."

"నాకు చెప్పలా పిన్నమ్మా," అన్నాడు పేరయ్య. అది అబద్ధం కాదు. నిజం కూడా కాదు. ఆ ఉత్తరం చదివిన మనిషి ఈ భూమ్మీద తనొక్కడే. అక్షరం పొల్లుపోకుండా అతనికి గుర్తుంది.

ఇంకోటి కూడా గుర్తుంది. అది ఎవరికీ తెలియదు. కోసేటప్పుడు మూల సంగతి తోచలేదు. ఆ పూట ముప్పై ఉత్తరాలున్నాయి, చెయ్యి యంత్రంలాగా పోయింది. కాని సాయంత్రం కట్ట కడుతుంటే ఆ కవరు పైకొచ్చింది. అప్పుడు మూల సంగతి తోచింది. సంచికి ఇంకా సీలు పడలేదు. పెన్సిలు చెవిలోనే ఉంది. పైన 'క్షేమం' అని ఒక్క మాట రాస్తే సరిపోయేది. రాయలేదు. అంతకు ముందే ఆ ఉత్తరంలో తన గురించి బుడాన్ రాసింది చదివి ఉన్నాడు. కడుపు మండిపోతోంది. ఇంట్లోవాళ్ళు ఒక్క పూట భయపడితే పడనీ, విప్పి చదువుకోగానే తెలుస్తుందిగా అనుకున్నాడు. కట్ట కట్టేశాడు.

ఆ రోజంతా పేరయ్య జానీబి పక్కనే కూర్చుని కాయలు ఏరాడు. సాయంత్రానికి చేతులు భగ్గున మండాయి. తల్లి ఆముదం రాయబోతే వద్దని లేచిపోయాడు.

మూడోనాడు ఒక బుట్టలో పండు గుమ్మడికాయా, వంకాయలూ సర్ది "జానీబికి ఇచ్చిరా" అని పిచ్చమ్మ పంపింది. బుడాన్ చీరాల వెళ్ళాడని దారిలో తెలిసింది. తెలిశాక పేరయ్య అడుగు తేలికపడింది. అందుకు సిగ్గుపడ్డాడు కూడా.

ఉప్పలదిన్నె వీధి మొదట్లో పోస్టుమాను యేసుపాదం సైకిలు దిగి, ఒక కవరు గోటితో చింపుతున్నాడు. చదివాడు. గొంతు సవరించుకుని వీధంతా వినబడేట్టు కేకేశాడు.

"బాగున్నాడమ్మో! సెలవు మీద వస్తన్నాడంటమ్మో!"

"ఎవరు?" అన్నాడు పేరయ్య.

"బుడానే. సెలవుకి ముందు రాసినట్టుంది, మనిషొచ్చాక వచ్చింది." యేసుపాదం నవ్వబోయి మానుకున్నాడు. "తప్పేననుకో, ఒకరి ఉత్తరం విప్పకూడదు. పై వాళ్ళకి తెలిస్తే నా ఉద్యోగం పోద్ది. కాని ఆనాడు నేను చూసింది నువ్వు చూడలా. అప్పట్నుంచి మిలిటరీ ఉత్తరమైతే ఇక్కడే విప్పి, చదివి, అరిచి అప్పుడు తీసకెళ్తా. జానీబే అట్టా చెయ్యమంది."

ఉత్తరం పేరయ్య చేతికిచ్చి, ఎటూ అటే వెళ్తున్నావుగా అని, అతను సైకిలెక్కాడు. కవరు వెనక పేరయ్య తన చేత్తో వేసిన పొడి సంతకమే ఉంది. చదివాను, పంపవచ్చు అని దాని అర్థం.

గుమ్మంలో బుడాన్ భార్య ఖుర్షిదా బియ్యం చెరుగుతోంది. పాతికేళ్ళు ఉండవు. బుట్ట అందుకుని లోపల పెట్టి, ఉత్తరం తీసుకుని, నిలబడే చదివేసింది. చదవడానికి ఎంతోసేపు పట్టలేదు.

"నాలుగు వరసలే, అన్నా," అంది. "నేను క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను, సెలవు దొరికింది, వస్తున్నాను. పెళ్ళైన కొత్తలో రెండు పేజీలు రాసేవాడు. చూస్తే నవ్వొచ్చేది, సిగ్గేసేది. పెట్టె అడుగున దాచుకునేదాన్ని. ఇప్పుడు అక్కడ నువ్వు చదువుతావు, ఇక్కడ యేసుపాదం చదువుతాడు, ఆనక వీధి వింటది. ఇంక నాకేం మిగులుద్ది?"

పేరయ్య తలెత్తి చూశాడు. "నేను చదువుతానని..."

"నాకొక్కదానికే చెప్పాడు, వచ్చిన రోజే. కోసింది నువ్వేనని కూడా చెప్పాడు." ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "అత్తకి చెప్పలా. నన్నూ చెప్పద్దన్నాడు. పేరయ్యంటే అమ్మకి నాకంటే ఎక్కువ, వాడి పేరు చెబితే ఇంకో కొడుకుని కూడా పోగొట్టుకుంటది అన్నాడు. మరి నీతో ఎందుకు మాట్లాడవంటే గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాకు అర్థంగాదన్నా. మనుషులు దగ్గరే ఉంటారు, ఎవళ్ళూ ఎవళ్ళతో ఏదీ చెప్పుకోరు."

పేరయ్య తిరిగి వస్తూ డొంకలో ఒకచోట కూర్చుండిపోయాడు. తిట్టించుకుందామని ఊరు వచ్చాడు. బుడాన్ ఇంట్లో అందరి ముందూ తన పేరు చెప్పి ఉంటాడు, జానీబి దుమ్మెత్తి పోస్తుంది, కాళ్ళ మీద పడదాం అనుకున్నాడు. ఆ దారి కూడా లేకుండా పోయింది. తనని కాపాడినవాడే తనతో మాట్లాడడం లేదు. చేల నిండా మనుషులున్నా, కేకలూ పాటలూ వినబడుతున్నా, అతనికి అంత ఒంటరిగా ఎన్నడూ అనిపించలేదు. గుడారంలో కూడా అనిపించలేదు.

సెలవు ఇంకో వారం ఉందనగా, ఒకనాటి మధ్యాహ్నం దక్షిణపు చేలో బుడాన్ జిల్లేళ్ళు తవ్వుతుంటే పేరయ్య వెళ్ళాడు. పోకుండా ఉండలేకపోయాడు. గట్టు మీద నిలబడ్డాడు. బుడాన్ పలుగు దించి, ఊపి, వేరు పెకలించి పక్కన పడేశాడు. ఇంకోటి తవ్వాడు. మూడో మొక్క దగ్గర ఆగి, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"ఆ చివర్నుంచి గడ్డి లాగు," అన్నాడు.

అయిదు నెలల తర్వాత తనతో అన్న మొదటి మాట. పేరయ్య చెప్పులు విడిచి చేలోకి దిగాడు. ఇద్దరూ చెరో కొసనించీ పని చేసుకుంటూ వచ్చారు. గడ్డి వేళ్ళు లోతుగా పోయాయి. పట్టి లాగితే అరచేతులు కోసుకుంటున్నాయి. చేను మధ్యకొచ్చేసరికి పొద్దు వాలింది. బుడాన్ ముంతలో నీళ్ళు తాగి, మిగిలినవి పేరయ్యకిచ్చాడు.

"ఖుర్షిదా చెప్పింది, ఇంటికొచ్చావని. నువ్వు రోజూ అమ్మ పక్కన కూర్చుని కాయలు ఏరతన్నావని అమ్మ చెప్పింది." బుడాన్ అతన్ని చూడకుండా పలుగు మొన మట్టి గీకుతున్నాడు. "ఇంకో వారంలో మళ్ళీ పోవాల. ఒక పడవకి ఆ కొస నువ్వు, ఈ కొస నేను పట్టాల. ఇట్టా ఎన్నాళ్ళు? ముప్పై ఉత్తరాలు ముందేసుకున్నోడికి మూల సంగతి తోచలా. యుద్ధంలో ఎవడికి తోస్తది? తెలీక చేశావు. అయిపోయింది. ఇంక ఆ మాట వదిలెయ్."

ఇదే మాట కోసం పేరయ్య రెండు రోజులు రైల్లో ఎదురు చూశాడు. అంతకు ముందు అయిదు నెలలు ఎదురు చూశాడు. ఇప్పుడది చేతికొచ్చింది. 'సరేరా' అంటే చాలు. ఈ సాయంత్రం ఇద్దరూ కలిసి డొంక వెంబడి నడుస్తారు, పర్చూరు పోయి టీ తాగుతారు, రైల్లో బత్తాయిలు ఒలుచుకుంటారు. ఎవరికీ ఎప్పటికీ తెలియదు. పేరయ్య ముంత కింద పెట్టాడు.

"తోచింది బుడానూ."

"ఏంది?"

"కోసేటప్పుడు తోచలా. కట్ట కట్టేటప్పుడు తోచింది. సంచి ఇంకా నా దగ్గరే ఉంది. పెన్సిలు చెవిలోనే ఉంది. క్షేమం అని రాయచ్చు. రాయలా." గుక్క తిప్పుకున్నాడు. "అందులో నా గురించి రాశావు గదా. అది చదివి కడుపు మండింది. పడనీలే అనుకున్నా. తెలిసే చేశాన్రా నేను."

బుడాన్ పలుగు గీకడం ఆపేశాడు. పక్క చేలో ఎవరో పత్తి తీస్తున్న ఆడవాళ్ళని గదమాయిస్తున్నారు. పేరయ్య ఒళ్ళంతా బిగబట్టుకుని నిలబడ్డాడు. కొడితే కొట్టనీ అనుకున్నాడు. కొట్టాలనే కోరుకున్నాడు.

బుడాన్ గట్టు మీద చతికిలబడ్డాడు.

"నువ్వు చదువుతావనే రాశా," అన్నాడు.

పేరయ్యకి ముందు అర్థం కాలేదు.

"నీకు తగలాలనే రాశాన్రా. మొహం మీద అనడానికి ధైర్యం చాల్లా. అమ్మకీ నాయనకీ రాసే ఉత్తరంలో పెట్టి నీ మీదికి విసిరా. నాయనకి నేను రాసిన ఆఖరి ఉత్తరం అది. ఆయనకి రాయాల్సింది రాయకుండా సగం నీకు రాశా." మొహం తలగుడ్డలో దాచుకున్నాడు. మాట ముద్దముద్దగా వచ్చింది. "అమ్మ అడిగినప్పుడల్లా మామూలే అంటన్నా. ఏమని చెప్పను? నీతో మాట్లాడితే ఈ మాట బయటకొస్తదని మాట్లాడలా. అందరూ నాకు కోపం అనుకున్నారు. నేనూ కోపమే అనుకున్నా."

పేరయ్య వచ్చి పక్కన గట్టు మీద కూర్చున్నాడు. ఇంత జరిగాక ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకోవాలి. ఎవరూ వెయ్యలేదు. మధ్యలో హుస్సేన్ సాయిబు ఉన్నాడు. ఆ ముసలాయన ఈ చేలోనే పాతికేళ్ళు నారు పోశాడు.

"పిన్నమ్మ తనే చంపానంటంది," అన్నాడు పేరయ్య.

"తెలుసు."

"ఆవిడకి చెప్పాల్రా."

బుడాన్ తలెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చెప్పవద్దని అయిదు నెలలు కాపలా కాసినవాడు, ఇప్పుడు వద్దనలేకపోయాడు. "నేను రాలేను. నువ్వు పో," అని మాత్రం అని, పలుగు తీసుకుని మళ్ళీ చేలోకి దిగాడు.

పేరయ్య కళ్లంలోకి వచ్చేసరికి కూలివాళ్ళు వెళ్ళిపోతున్నారు. పిచ్చమ్మ గేదె పాలు తియ్యడానికి ఇంటికి పోయింది. జానీబి ఒక్కతే పందిరి కింద రాలిన కాయల్ని చీపురుతో దగ్గరికి తోస్తోంది. పేరయ్య ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"పిన్నమ్మా, ఆ మూల కోసింది నేనే."

జానీబి చీపురు ఆగింది. ఏదో పరాచికం అనుకున్నట్టు అతని మొహంలోకి చూసింది. కాదని తెలిసింది.

"నువ్వా?" అంది. "నీకు తెలవదంట్రా, మూల సంగతి?"

"తెలుసు. కోసేటప్పుడు తోచలా. సాయంత్రానికి తోచింది. అప్పటికింకా నా చేతిలోనే ఉంది. బుడాన్ మీద కోపంతో ఊరుకున్నా. నువ్వు చింపటం కాదు పిన్నమ్మా. నేను ఊరుకోబట్టి జరిగింది."

ఆమె చీపురు కింద పడేసి లేచింది. కళ్లం అంచుదాకా నడిచి, అతనికి వీపు పెట్టి నిలబడింది. సన్నటి భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. ఒక్కసారి "అల్లా" అని గట్టిగా అంది. పేరయ్య కదల్లేదు. తల ఎత్తలేదు. మిరప ఘాటు గొంతులో పట్టి దగ్గొస్తున్నా, ఆ దగ్గు కూడా దగ్గకూడదన్నట్టు బిగబట్టాడు.

చాలాసేపటికి ఆమె వెనక్కి వచ్చింది. మొహం తుడుచుకోలేదు. కుప్ప అవతల కూర్చుంది. అతని తల నిమరలేదు, తిట్టనూ లేదు. నాయనా అనే పిలుపు కూడా రాలేదు.

"అయితే నువ్వు చదివావన్న మాట."

"చదివా."

"మొత్తం?"

"మొత్తం. గుర్తుంది."

"చెప్పు."

పేరయ్య కళ్ళు మూసుకున్నాడు. ఆ ఉత్తరం కళ్ళ ముందుకి రావడానికి ఎంతోసేపు పట్టలేదు. అయిదు నెలలుగా అది పోయిందెక్కడికని.

"నాయనగారికి, అమ్మగారికి బుడాన్ సలాములు చేసి వ్రాయునది. నేను ఇక్కడ క్షేమము. మీ క్షేమములు వ్రాయవలెను. నాయనకు దగ్గు ఎట్లున్నది? వానలు పడుతున్నవి గనుక బయట పండుకోనీయవద్దు."

జానీబి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆగమంటుందేమోనని పేరయ్య ఆగాడు. కానివ్వమన్నట్టు ఆమె చెయ్యి ఊపింది.

"మొక్క దక్షిణపు చేలో పెట్టించండి. నాయన ఎండలో నిలబడవద్దు, గట్టు మీద కూర్చుని చెప్పితే చాలును. ఆయన చెప్పితే వినని వాడెవడు? ఖుర్షిదాను ఒకసారి పుట్టింటికి పంపండి. ఇక్కడ అన్నము దొరకదు. అమ్మ చేతి గోంగూర మీదికి మనసు పోవుచున్నది."

తర్వాతి వరస దగ్గర ఆగాడు. దాన్ని దాటి 'ఇట్లు' అని ముగించవచ్చు. వినేది చదువు రాని మనిషి, పోల్చి చూడడానికి కాగితం లేదు. తీసెయ్యడం అతనికి చేతనైన పనే. పేరయ్య దాన్ని తియ్యలేదు.

"పేరయ్య బాగున్నాడు. కాని వాడు ఇప్పుడు మన వాడు కాడు, దొరల మనిషి. మా గుట్టు చదివి వాళ్ళకు చెప్పును. వాడి పక్కన కూర్చుని తినుట మేము మానితిమి. వాడిని కన్నందుకు పిచ్చమ్మ సిగ్గుపడవలెను. వాడు సెలవు మీద వచ్చిన మన ఇంటికి రానీయవద్దు. ఇట్లు మీ కుమారుడు, షేక్ బుడాన్."

డొంకలో పశువులు ఇంటికి మళ్ళుతున్నాయి. వాటి దుమ్ము కళ్లం మీదికి వచ్చి కాయల మీద వాలింది. జానీబి దుమ్మునీ చూడలేదు, పేరయ్యనీ చూడలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని, అతని చేతుల్లో కాగితం ఉన్నట్టు, ఆ చేతుల వైపే చూస్తోంది.

"మీ బాబాయి సంగతి ఉందే, అక్కణ్ణించి," అంది. "ఇంకోసారి చదువు."

పేరయ్య మొదటి నుంచీ చదివాడు.